టీకాలో అడ్జువెంట్, ప్రతిజనకాల స్థిరత్వం: ఆదోని, ఎమ్మిగనూరు మందల దృష్ట్యా ఒక అభిప్రాయం

పశ్చిమ కర్నూలు గొర్రెల కాపరికి తొలకరి వాన సంతోషాన్నీ భయాన్నీ ఒకేసారి తెస్తుంది. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఎమ్మిగనూరు, నందవరం మండలాల బీళ్లలో నాలుగు జల్లులు పడగానే లేత పచ్చిక మొలుస్తుంది. ఎండాకాలమంతా పత్తి, వేరుశనగ తీసిన పొలాలలో ఎండుటాకులతో నెట్టుకొచ్చిన మంద ఆ పచ్చిక మీద ఆబగా పడుతుంది. ఆ రోజులలోనే చిటుకు రోగం కనిపిస్తుంది. సాయంత్రం దొడ్డికి చేరినప్పుడు అన్నిటికన్నా పుష్టిగా ఉన్న గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం సూక్ష్మజీవి పేగులో విడుదల చేసే ఎప్సిలాన్ విషం దీనికి కారణమనీ, వానలకు ముందే టీకా వేయించడమే దీనికి నివారణ అనీ మన విద్యార్థులందరికీ తెలుసు. టీకా వేయించినా గొర్రెలు చనిపోయాయని కాపరి వచ్చి చెప్పినప్పుడు మాత్రం మన సమాధానాలు దాదాపు ఒకే దారిలో సాగుతాయి. టీకా ఆలస్యమైందనో, రెండవ మోతాదు వేయించలేదనో, నట్టల మందు తాగించలేదనో, వచ్చినది వేరే వ్యాధి అనో చెబుతాం. వీటిలో ప్రతిదీ నిజమయ్యే అవకాశం ఉన్నదే. అయితే ఆ రోజు సీసాలోని ప్రతిజనకం ఏ స్థితిలో ఉన్నదన్న ప్రశ్న ఈ వరుసలో చాలా అరుదుగా చేరుతుంది. దానిని మొదటి వరుసలోకి తేవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అందుకు టీకాలోని అడ్జువెంట్‌ను మనం ఇప్పటికన్నా శ్రద్ధగా అర్థం చేసుకోవలసి ఉంది.

చిటుకు రోగం టీకాలో ఉండేది ఫార్మలిన్‌తో విషగుణం పోగొట్టిన ప్రోటీను, అంటే టాక్సాయిడ్. శుద్ధమైన ప్రోటీనును ఒంటరిగా ఎక్కిస్తే శరీరం దానిని పెద్దగా పట్టించుకోదు. అలెగ్జాండర్ గ్లెన్నీ 1926లో డిఫ్తీరియా టాక్సాయిడ్‌ను పటికతో అవక్షేపింపజేసి ఇచ్చినప్పుడు ప్రతిరక్షకాలు గణనీయంగా పెరగడాన్ని గమనించాడు. నాటి నుండి నేటి వరకు అల్యూమినియం లవణాలే అత్యంత విస్తృతంగా వాడుకలో ఉన్న అడ్జువెంట్లు. మన హైదరాబాదులోనే తయారైన మానవ టీకాలను చూసినా, 1997లో శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా షాన్‌వాక్-బి మొదలుకొని కోవిడ్ కాలపు కోవాక్సిన్, కార్బెవాక్స్ వరకు అన్నిటిలోనూ అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. కోవాక్సిన్‌లో ఆ జెల్‌కు మరొక ఉత్తేజక అణువును జోడించారు, కార్బెవాక్స్‌లో సి.పి.జి. 1018ని కలిపారు. పశువుల టీకాలలో చిటుకు రోగం, గొంతువాపు, జబ్బవాపు టీకాలు పటికతోనో అల్యూమినియం జెల్‌తోనో తయారవుతాయి. గొంతువాపు టీకాలో నూనె ఆధారిత రకమూ ఉంది. గాలికుంటు టీకా గతంలో జెల్, సాపోనిన్‌లతో ఉండేది. ఇప్పుడు ఎక్కువగా ఖనిజ తైలపు ఎమల్షన్‌గా వస్తున్నది.

పాఠ్యపుస్తకాలు అడ్జువెంట్ గురించి చెప్పేటప్పుడు రోగనిరోధక వ్యవస్థ మీద దాని ప్రభావం వద్దనే ఆగిపోతాయి. ప్రతిజనకాన్ని సూది వేసిన చోట నిలిపి ఉంచుతుంది, కణాలను ఆకర్షిస్తుంది, ప్రతిరక్షకాలను పెంచుతుంది అని నేర్పుతాం. సూది వేయడానికి ముందు, నెలల తరబడి సీసాలో అడ్జువెంటూ ప్రోటీనూ ఒకదానినొకటి పట్టుకొని ఉన్న కాలంలో ఏమి జరుగుతుందో నేర్పము. టీకా భవితవ్యం చాలావరకు తేలేది ఆ కాలంలోనే.

తటస్థ పి.హెచ్. వద్ద అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉపరితలం ధనావేశంతో ఉంటుంది. దాని ఆవేశం సున్నా అయ్యే పి.హెచ్. 11 దాటి ఉంటుంది. అల్యూమినియం ఫాస్ఫేటు విషయంలో ఆ బిందువు 5కు అటూ ఇటూగా ఉండడం వలన అది రుణావేశంతో ఉంటుంది. కనుక ఆమ్ల స్వభావం గల ప్రోటీన్లు హైడ్రాక్సైడ్‌కు, క్షార స్వభావం గలవి ఫాస్ఫేటుకు బాగా అంటుకుంటాయి. ఈ అంటుకోవడం ప్రోటీను ఆకృతిని కదిలించదని చాలాకాలం అనుకున్నారు. లటోయా జోన్స్, రస్సెల్ మిడాహ్ తదితరులు 2005లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. గుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్, పశువుల రక్తంలోని ఆల్బుమిన్, లైసోజైమ్‌లను నమూనా ప్రోటీన్లుగా తీసుకొని, వాటిని జెల్‌కు అంటించిన స్థితిలోనే కొలిచారు. జెల్ మీద ఉన్న ప్రోటీను, ద్రావణంలో స్వేచ్ఛగా ఉన్న ప్రోటీను కన్నా తక్కువ ఉష్ణోగ్రత వద్దనే విప్పుకుపోతున్నట్లు తేలింది. ఇక్కడ కొలత పద్ధతికే ఎక్కువ ప్రాధాన్యం ఉంది. జెల్ నుండి ప్రోటీనును విడదీసి కొలిస్తే, విడివడగలిగిన మంచి అణువులే మన చేతికి వస్తాయి. పాడైనవి జెల్‌నే పట్టుకొని మిగిలిపోతాయి. నాణ్యత బాగానే ఉందన్న నివేదిక వస్తుంది.

ఉపరితలం చేసే పని ఆకృతి మార్పుతో ముగియదు. ధనావేశం గల హైడ్రాక్సైడ్ తన చుట్టూ హైడ్రాక్సిల్ అయాన్లను చేర్చుకుంటుంది. అందువలన జెల్ కణాన్ని అంటిపెట్టుకొని ఉన్న పలుచని పొరలో పి.హెచ్. సీసాలోని ద్రవం కన్నా సుమారు 2 ప్రమాణాలు ఎక్కువగా ఉండవచ్చు. సీసా మీద 7 అని ఉన్నా ప్రోటీను నివసించేది 9 దగ్గర. ఆ క్షార వాతావరణంలో ఆస్పరాజిన్ అమైనో ఆమ్లం అమైడ్ భాగాన్ని కోల్పోయే చర్య వేగవంతమవుతుంది. మన ప్రాంతంలో దొమ్మ అని పిలిచే ఆంత్రాక్స్‌కు మనుషుల కోసం తయారుచేసిన పునఃసంయోజిత రక్షక ప్రతిజనకం విషయంలో ఈ సమస్యను వివరంగా పరిశీలించారు. జెల్‌కు అంటించి నిల్వ ఉంచినకొద్దీ ఆ ప్రోటీనులో ఆస్పరాజిన్ మార్పులు పెరిగాయి, దానితోపాటు విషాన్ని నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలను పుట్టించే శక్తి తగ్గింది. మనం పశువులకు వేసే దొమ్మ టీకా ఇందుకు పూర్తిగా భిన్నం. అది స్టెర్న్ రకపు సజీవ సిద్ధబీజాల టీకా. సిద్ధబీజం ప్రకృతి చేసిన గట్టి పెట్టె కావడం వలన దానికి ఈ బెడద లేదు. ఒకే వ్యాధికి రెండు టీకాలున్నా స్థిరత్వ సమస్యలు రెండు విధాలుగా ఉంటాయన్నది విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం.

అయితే దీనిని బట్టి జెల్ ప్రతి ప్రోటీనునూ పాడుచేస్తుందని సూత్రీకరిస్తే అది మరో పొరపాటు అవుతుంది. హెపటైటిస్ బి ఉపరితల ప్రతిజనకం, ధనుర్వాతపు టాక్సాయిడ్ జెల్ మీద ఉండి కూడా వేడిని ఆశ్చర్యకరంగా తట్టుకుంటాయి. 37 డిగ్రీల వద్ద వారాల తరబడి శక్తిని నిలుపుకొంటాయి. ఫార్మలిన్ టాక్సాయిడ్‌లో అడ్డంగా వేసే బంధాలు ప్రోటీనును బిగించి కట్టినట్లు చేస్తాయి. ప్రతి ప్రతిజనకం, ప్రతి అడ్జువెంట్ జంటకూ దాని స్వభావం దానికే ఉంటుంది. ఒక జంటలో చూసినదాన్ని మరో జంటకు అన్వయించలేము. నేను ఇక్కడ నొక్కి చెప్పదలచినది వేరు. వేడిని తట్టుకొనే ఈ టీకాలు కూడా గడ్డకట్టడాన్ని తట్టుకోలేవు. మన క్షేత్రస్థాయి భయమంతా వేడి చుట్టూ అల్లుకొని ఉండగా, ప్రమాదం చాలాసార్లు మంచు వైపు నుండి వస్తున్నదని నా అభిప్రాయం.

గడ్డకట్టినప్పుడు జరిగేది సూటిగా చెప్పవచ్చు. అల్యూమినియం జెల్ అంటే నీటిలో వదులుగా తేలే సూక్ష్మ కణాల వల. మంచు స్ఫటికాలు పెరిగేకొద్దీ ఆ కణాలు మిగిలిన కొద్దిపాటి ద్రవంలోకి నెట్టబడి, ఒకదానిపై ఒకటి ఒత్తుకొని అతుక్కుపోతాయి. మంచు కరిగినా అవి మళ్లీ విడిపోవు. పెద్ద ముద్దలుగా మారిన జెల్‌కు ఉపరితలం తగ్గుతుంది, ప్రతిజనకం ముద్దల లోపల చిక్కుకుంటుంది, రోగనిరోధక కణాలు దానిని అందుకొనే తీరు మారుతుంది. సూది వేసిన చోట వాపులు పెరిగే అవకాశమూ ఉంది. ఈ నష్టానికి రంగు లేదు, వాసన లేదు. కరిగిన సీసా చూపుకు మామూలుగానే ఉంటుంది.

మన శాఖలో ఐస్ మీద ఇంత విశ్వాసం ఎక్కడి నుండి వచ్చింది? దాని మూలం గౌరవించదగినదే. దేశంలో టీకా శీతల గొలుసు అనే ఆలోచన ఊరూరికీ చేరింది రిండర్‌పెస్ట్, అంటే ముసర వ్యాధి, నిర్మూలన కాలంలో. ఆ టీకా సజీవ వైరస్‌ను శీతలీకరించి ఎండబెట్టినది. అందులో అడ్జువెంట్ లేదు. దానికి శత్రువు వేడి ఒక్కటే. ఎంత చల్లగా ఉంచితే అంత మంచిది. ఆ క్రమశిక్షణతోనే ముసర వ్యాధి మన దేశం నుండి, ఆపై 2011 నాటికి ప్రపంచం నుండే తొలగింది. ఆ తరం పశువైద్యులు తమ తరువాతి వారికి అప్పగించిన అలవాటు: టీకా అంటే ఐస్. నేటి పారుడు రోగం టీకా, గొర్రెల బొబ్బ రోగం టీకా, ఆడదూడలకు వేసే బ్రూసెల్లా ఎస్-19 టీకా అదే కుటుంబానికి చెందినవి. వాటి విషయంలో ఆ అలవాటు ఇప్పటికీ సరైనదే. కానీ అదే పెట్టెలో, అదే ఐస్ ముద్దల మధ్య ఇప్పుడు చిటుకు రోగం సీసా, గొంతువాపు సీసా, గాలికుంటు సీసా కూడా ప్రయాణిస్తున్నాయి.

మే నెలలో ఆదోని నుండి కోసిగి వైపో, ఎమ్మిగనూరు నుండి నందవరం వైపో ద్విచక్ర వాహనం మీద బయలుదేరే పశుసంవర్ధక సహాయకుని స్థానంలో మనల్ని ఊహించుకుందాం. బయట ఎండ 40 డిగ్రీలు దాటి ఉంది. సాయంత్రం వరకు చల్లదనం నిలవాలి. డీప్ ఫ్రీజరులో రాత్రంతా ఉంచిన ఐస్ ప్యాకులను బండరాళ్లలా తీసి, పెట్టె నిండా పేర్చి, మధ్యలో సీసాలు దూర్చడం అతనికి శ్రద్ధగల పనిగానే తోస్తుంది. నిజానికి ఫ్రీజరు నుండి అప్పుడే తీసిన ప్యాకు సున్నాకు 15, 20 డిగ్రీల దిగువన ఉంటుంది. దానిని ఆనుకొని ఉన్న సీసా మొదటి గంటల్లోనే గడ్డకట్టవచ్చు, మధ్యాహ్నానికి కరిగిపోతుంది. ఊరికి చేరి మూత తీసేసరికి చల్లని, శుభ్రమైన, కంటికి ఏ లోపమూ లేని సీసా. ఎండ ఎంత ఎక్కువైతే ఐస్ అంత ఎక్కువ పెడతాం గనుక, ఈ ప్రమాదం కశ్మీరు కన్నా కర్నూలులో తక్కువ అనుకోవడానికి ఆధారం లేదు.

నివారణ ఖర్చు లేనిది. ప్యాకులను ఫ్రీజరు నుండి తీసి బయట పెట్టి, ఊపితే లోపల నీరు కదిలే చప్పుడు వినిపించేవరకు ఆగాలి. అప్పుడు ప్యాకు ఉపరితలం సున్నా డిగ్రీలకు వచ్చినట్లు. మానవ టీకాల కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలకు ఇది ప్రాథమిక పాఠం. దీనికి అరగంట నుండి గంట పడుతుంది. ఉదయం ఆరింటికి మంద బీడుకు బయలుదేరకముందే ఊరు చేరాలనుకొనే సహాయకునికి అది తక్కువ సమయం కాదు. కనుక ఆ సమయాన్ని అతని వ్యక్తిగత శ్రద్ధకు వదలకుండా పని ప్రణాళికలోనే చేర్చాలి. సజీవ టీకాలను ఒక పెట్టెలో, అడ్జువెంట్ గల టీకాలను మరొక పెట్టెలో తీసుకువెళ్లడం ఇంకా మేలు. రెండవ పెట్టెకు గడ్డకట్టని, చల్లబరిచిన నీటి ప్యాకులు సరిపోతాయి. జెల్ టీకాలు కొన్ని గంటలపాటు 15 డిగ్రీల వద్ద ఉన్నా కలిగే నష్టం, ఒక్కసారి గడ్డకట్టినప్పటి నష్టంతో పోల్చదగినది కాదు.

గాలికుంటు టీకా విషయం మరికొంత సున్నితమైనది. జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం 2019 సెప్టెంబరు 11న మథురలో ప్రారంభమైనది మొదలు ఈ టీకా ఏటా రెండుసార్లు కోట్లాది పశువులకు చేరుతున్నది. గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల కోసం కేంద్రం 2024 వరకు అయిదేళ్లకు కేటాయించినది 13,343 కోట్ల రూపాయలు. ఇంత ధనం చివరికి ఆధారపడినది 146 ఎస్ అనే వైరస్ పూర్ణకణం మీద. దాని వ్యాసం మీటరులో నూరు కోట్ల వంతుల లెక్కన సుమారు 25 నుండి 30. ఆ కణం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే టీకాకు బలం. పి.హెచ్. 6.5 కన్నా తగ్గినా, వేడి పెరిగినా అది 12 ఎస్ ముక్కలుగా విడిపోతుంది. ముక్కలలో ఉన్నవీ అవే ప్రోటీన్లు. మొత్తం ప్రోటీను లెక్కిస్తే ఒక్క మైక్రోగ్రామూ తగ్గదు, కానీ రక్షణ చాలావరకు పోతుంది. మన దేశంలో టీకాలో చేరుస్తున్న ఓ, ఎ, ఏషియా-1 రకాలలో, ఎక్కువ వ్యాధికి కారణమయ్యే ఓ రకమే స్థిరత్వంలో వెనుకబడినది కావడం విచారకరం. సంరక్షకంగా కలిపే థయోమెర్సాల్ ఈ విచ్ఛేదాన్ని వేగవంతం చేస్తుందని నెదర్లాండ్స్‌లోని లెలీస్టాడ్ పరిశోధకులు చూపారు. అంటే సీసాలో పక్కపక్కనే ఉన్న పదార్థాలలో దేనినీ నిష్క్రియమని భావించడానికి వీలులేదు. ఇక నూనె ఎమల్షన్ గడ్డకడితే నూనె, నీరు విడిపోతాయి. పాలు విరిగినట్లు పొరలుగా కనిపిస్తే ఆ సీసాను పక్కన పెట్టవచ్చు. 146 ఎస్ విరిగితే కంటికి ఏమీ కనబడదు.

క్షేత్రంలో జరిగే మరో రెండు పనులను కూడా ఇదే దృష్టితో చూడాలి. జెల్ టీకా సీసాను కదిలించకుండా ఉంచితే జెల్ అడుగుకు దిగుతుంది, ప్రతిజనకం దానితోపాటే దిగుతుంది. ఉదయం ఒకసారి కుదిపి, ఆపై డజన్ల కొద్దీ గొర్రెలకు వరుసగా సిరంజి నింపుతూ పోతే కొన్నిటికి పైనున్న తేట నీరు, మరికొన్నిటికి చిక్కని అడుగు దక్కుతాయి. మందలో సగానికి రక్షణ, సగానికి కేవలం సూదిపోటు. ప్రతిసారీ సిరంజి నింపే ముందు సీసాను తిరగేసి కలపమని చెప్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ప్రతిజనకం ఎక్కడ ఉంటుందో తెలిసినవాడు దానిని మరచిపోడు. రెండవది, శ్రమ తగ్గుతుందని రెండు టీకాలను ఒకే సిరంజిలో కలపడం. తయారీదారు స్వయంగా కలిపి ఇచ్చిన సంయుక్త టీకా వేరు, మనం చెట్టు కింద కలిపేది వేరు. ఒక టీకాలోని ఫాస్ఫేటు మరొక టీకాలోని హైడ్రాక్సైడ్ ఉపరితలాన్ని ఆక్రమించి, అక్కడున్న ప్రతిజనకాన్ని వెళ్లగొట్టగలదు. ఎంత నిష్పత్తిలో, ఎంత వేగంగా అన్నది జంటను బట్టి మారుతుంది. ఆ లెక్క ఎవరూ కట్టని చోట కలపకపోవడమే ఉత్తమం.

ఈ వాదనకు అభ్యంతరాలు రాకపోవు. క్షేత్ర సిబ్బంది కొరత, కరెంటు కోతలు, వాహనాల లేమి ఉండగా జెల్ కణాల గురించి మాట్లాడడం తీరిక గల వారి పని అని కొందరు అనవచ్చు. ఆ కొరతలు వాస్తవం. కానీ ఇక్కడ అడుగుతున్నది కొత్త పోస్టులు కాదు, ఉన్న ఐస్‌ను వాడే పద్ధతిలో మార్పు మాత్రమే. ఇక చనిపోయిన గొర్రెకు టీకా దోషమే కారణమని నిరూపించగలరా అని మరికొందరు అడగవచ్చు. ఇది బలమైన ప్రశ్న. ఒక్కొక్క మరణం విషయంలో నిరూపించలేము, ఎందుకంటే ఆ సీసా అప్పటికి చెత్తలో చేరి ఉంటుంది. కాబట్టి సీసాను మరణానికి తరువాత కాక ముందే చూడాలి.

అలా చూడడానికి ఒక సాధనం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచారంలోకి తెచ్చిన కుదుపు పరీక్షలో, అనుమానం ఉన్న సీసాతో పాటు అదే తయారీదారు, అదే బ్యాచికి చెందిన మరొక సీసాను కావాలని గట్టిగా గడ్డకట్టించి, కరిగించి, రెండిటినీ ఒకేసారి కుదిపి, సమతలం మీద పక్కపక్కన నిలబెడతారు. అనుమానిత సీసాలో జెల్, గడ్డకట్టించిన సీసాలోని జెల్ అంత వేగంగానో అంతకన్నా వేగంగానో కిందికి దిగితే దానిని వాడరాదు. ఉమిత్ కర్తోగ్లూ బృందం 2010లో ప్రచురించిన పరిశీలనలో, మానవ టీకాల విషయంలో, ఈ పరీక్ష గడ్డకట్టిన సీసాలను తప్పిపోకుండా పట్టగలిగింది. దీనికి యంత్రం అవసరం లేదు. అరగంట ఓపిక చాలు. అయితే దానిని యథాతథంగా మన పశువుల టీకాలకు అన్వయించలేము. పశువుల టీకాలో జెల్ పరిమాణం వేరు, సీసా వెడల్పు, పరిమాణం వేరు. పటికతో అవక్షేపించిన టీకా దిగే వేగం, జెల్‌కు అంటించిన టీకా దిగే వేగం ఒకటి కావు. నూనె టీకాలకు ఈ పరీక్ష వర్తించనే వర్తించదు. వేడివల్ల కలిగిన నష్టాన్నీ ఇది చూపదు. చిటుకు రోగం, గొంతువాపు, జబ్బవాపు టీకాలకు, మన మార్కెట్లో లభించే బ్యాచిలతో, ఎన్ని నిమిషాలకు ఎంత తేట ఏర్పడితే గడ్డకట్టినట్లు అన్నది తేల్చి పట్టికగా ఇవ్వడం ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్లలో చేయగల పని. అటువంటి పట్టిక సహాయకుని జేబులో ఉంటే, మా విశ్వవిద్యాలయాలు వెలువరించే అనేక సారాంశాల కన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని చెప్పడానికి సంకోచించను.

జెల్ ముద్దగా మారడం తయారీ స్థాయిలోనూ ఎంత తీవ్రమైన విషయమో తెలుగువారికి తెలిసిన ఒక ఉదాహరణ ఉంది. శాంతా బయోటెక్నిక్స్ వారి అయిదు వ్యాధుల సంయుక్త టీకా షాన్-5 సీసాలలో తెల్లని అవక్షేపం గాజుకు అంటుకొని, కుదిపినా కలవడం లేదని ఫిర్యాదులు రావడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో దానిని తన అర్హత జాబితా నుండి తొలగించింది. లోపాలు సవరించుకొన్న తరువాత 2014లో ఆ టీకా తిరిగి జాబితాలో చేరింది. ఆ ఫిర్యాదులకు ఆధారం సీసాను కుదిపి చూసిన సామాన్య ఆరోగ్య సిబ్బంది కళ్లే. మన సహాయకులకూ ఆ కళ్లు ఉన్నాయి. ఏమి చూడాలో మనం చెప్పలేదు, చూసినది రాసి పంపడానికి ఒక కాగితమూ ఇవ్వలేదు.

పరిశోధన వైపు మరో దారి కూడా తెరిచి ఉంది. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ వంటి ద్రవ్యాలను కలిపితే అల్యూమినియం జెల్ టీకాలు గడ్డకట్టినా ముద్దకట్టకుండా నిలుస్తాయని పాత్ సంస్థ పరిశోధకులు చూపి, ఆ పద్ధతిని ఎవరైనా వాడుకొనేలా బహిరంగపరిచారు. చౌకగా తయారయ్యే చిటుకు రోగం టీకాకు ఈ పద్ధతి ధరను ఎంత పెంచుతుంది, ఎప్సిలాన్ టాక్సాయిడ్ స్థిరత్వం మీద ఆ ద్రవ్యాల ప్రభావం ఏమిటి అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు. వాటిని పరిశీలించేవారు ప్రోటీనును జెల్ నుండి విడదీసి మాత్రమే కొలిచి ఊరుకోరాదని ముందే చెప్పిన కారణం వలన గుర్తు చేస్తున్నాను.

సీసా మీది సమాచారం గురించి ఒక మాట. ప్రతి పశు టీకా మీద అడ్జువెంట్ రకాన్ని, గడ్డకట్టరాదన్న హెచ్చరికను తెలుగులో, పెద్ద అక్షరాలలో ముద్రించమని రాష్ట్రం కొనుగోలు నిబంధనలలోనే కోరవచ్చు. సజీవ టీకాకు ఒక రంగు మూత, జెల్ టీకాకు మరొకటి, నూనె టీకాకు ఇంకొకటి ఉంటే చదవనవసరం కూడా ఉండదు. ఇది విజ్ఞానం కన్నా పరిపాలనకు సంబంధించిన విషయం గనుక ఇంతటితో విడిచిపెడుతున్నాను.

మొదలుపెట్టవలసిన చోటు ఎమ్మిగనూరు మండలంలోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రమని నా సూచన. అక్కడి నుండి తుంగభద్ర కాలువ కింది గ్రామాలూ దగ్గరే, కోసిగి వైపు మెట్ట బీళ్లూ దగ్గరే. ఒక్క సీజను పాటు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో గ్రామాలకు వెళ్లే టీకా పెట్టెలలో, సీసాల మధ్యన, ఉష్ణోగ్రతను తానే నమోదు చేసుకొనే చిన్న లాగర్లను ఉంచాలి. ఐస్ ప్యాకును ఆనుకొని ఒకటి, మధ్యలో ఒకటి. సగం పెట్టెలలో ఇప్పటి పద్ధతి, సగం పెట్టెలలో నీరు కదిలేవరకు ఆగిన ప్యాకులు. సాయంత్రం మిగిలిన సీసాలకు కుదుపు పరీక్ష. ఎన్ని పెట్టెలు సున్నా కిందికి వెళ్లాయో, ఎంతసేపు ఉన్నాయో తేలితే నా అభిప్రాయం నిలుస్తుందో కూలుతుందో కూడా తేలుతుంది. సహాయకులను తప్పు పట్టే పరీక్షగా ఇది మారకుండా, పెట్టెల మీద పేర్లకు బదులు అంకెలు మాత్రమే వేయాలి. లేకపోతే ఆ వారం రోజులు అందరూ జాగ్రత్తగా సర్ది, మనకు అందమైన, పనికిరాని దత్తాంశం ఇస్తారు. లాగర్లు ఏప్రిల్ చివరి వారానికి బనవాసికి చేరాలి. జూన్ మొదటి వానకు మందలు బీళ్లకు మళ్లిన తరువాత పెట్టెలు ఖాళీగానే తిరిగి వస్తాయి.